క్రియాటినిన్ అని వెతికిన ఫోను

"మనకేటి దాచుకోడానికుంది? చూసుకుంటే చూసుకోనీ." ఆన్‌లైన్ ట్రాకింగ్ మాటెత్తితే ఒడిశా గంజాం జిల్లా బరంపురంలో నాకు ఎక్కువగా ఎదురయ్యే జవాబు ఇదే. మా ఆన్‌లైన్ షాపుకి పెన్షన్ ఫారాలు నింపించుకోడానికి వచ్చే పెద్దవాళ్లూ అంటారు, కానిస్టేబుల్ పరీక్షకి అప్లై చేసే కుర్రాళ్లూ అంటారు. బ్యాంకులో పనిచేసి రిటైరైన మా మావయ్య అయితే ఇంకో అడుగు ముందుకేసి, "తప్పుడు పనులు చేసేవాడికి గానీ నీకూ నాకూ ఏటే భయం" అని తేల్చేస్తాడు.

మావయ్యతో నా పేచీ ఇది. ఆయన దాచుకోవడం గురించి మాట్లాడతాడు. నా గొడవ రాసుకోవడం గురించి. మనకి ఏ జబ్బుందో, ఏపాటి డబ్బుందో, ఏం చూపిస్తే మెత్తబడతామో మన కంటికి కనిపించని పుస్తకంలో ఎవరో రాసుకుంటున్నారు. రాసింది తప్పైతే దిద్దమని అడుగుదామన్నా ఆ రాసినవాడి పేరు మనకి తెలీదు. దాచుకోవలసింది ఏమీ లేని మనిషికి కూడా ఇది నష్టమే.

మా ఇంట్లో జరిగిందే చెప్తాను. మా వదిన చెల్లెల్ని శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి వైపు ఇచ్చారు. ఉద్దానం అంటే ఇటువైపు ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఇచ్ఛాపురం దాటితే కొబ్బరి తోటలు, జీడి తోటలు, వాటితోపాటు ఏళ్ల తరబడి కారణం తేలని కిడ్నీ జబ్బు. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో రక్తపరీక్షలో చెప్పే అంకె క్రియాటినిన్. అక్కడ బడి మొహం చూడని ముసలమ్మ కూడా ఆ మాట తడుముకోకుండా పలుకుతుంది. ఆ చెల్లెలి భర్తకి రక్తపరీక్షలో అంకె పెరిగిందని ఫోనొచ్చిన రాత్రి వదిన తన ఫోన్లో తెలుగులోనే కొట్టింది: "క్రియాటినిన్ తగ్గాలంటే ఏం తినాలి". ఏదో ఆరోగ్య సైటు తెరుచుకుంది. చదివింది, మూసేసి పడుకుంది.

ఆ వారంలోనే మా అమ్మ అదే ఫోన్లో పంచాంగం సైటు తెరిచింది. తిథి, నక్షత్రం, వర్జ్యం. వర్జ్యం కింద ఎర్రటి అక్షరాలతో ఒక చూర్ణం ప్రకటన, డయాలసిస్ అక్కర్లేకుండా కిడ్నీలు బాగు చేస్తామని. పక్కన చిక్కుడు గింజలాంటి బొమ్మ. కిందికి జరిపితే రాహుకాలం దగ్గర మళ్లీ అదే చూర్ణం. అమ్మ కళ్లజోడు పైకి తోసుకుని, "ఎవరికే కిడ్నీ?" అంది వదినతో.

వదిన ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పొద్దని చెల్లెలే అడిగింది. వాళ్ల అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు. ఉద్దానం పిల్ల అంటేనే వెనకాడే ఇళ్లు ఉన్నాయి, అలాంటిది తండ్రికి కిడ్నీ అని తెలిస్తే మాటలు అక్కడితో ఆగిపోతాయని వాళ్ల భయం. ఆ సంగతి ఎప్పుడు, ఎవరికి, ఎలా చెప్పాలన్నది ఆ ఇంటివాళ్ల ఇష్టం. ఆ పని వాళ్ల తరఫున చూర్ణం ప్రకటన చేసేసింది. ఇందులో తప్పుడు పని ఎవరు చేశారో మావయ్య చెప్పాలి. పైగా ఆ పుస్తకంలో రాసింది కూడా శుద్ధ తప్పు. వదిన కిడ్నీలు నిక్షేపంగా ఉన్నాయి.

ఇదెలా జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది "గూగుల్‌కి అన్నీ తెలుసు" అనేసి ఊరుకుంటారు. మనం తెరిచింది ఒక్క సైటే అనుకుంటాం. ఆ పేజీతోపాటు ప్రకటనల వాళ్ల కోడూ, సందర్శకుల్ని లెక్కపెట్టే వాళ్ల కోడూ, ఫేస్‌బుక్ వాళ్ల పిక్సెల్ అనే కోడు ముక్కా మన ఫోన్లోకి దిగుతాయి. 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజరు కంపెనీలో పనిచేసే లూ మాంటులి కుకీని, అంటే సైటు మన బ్రౌజర్లో దాచి ఉంచే చిన్న చీటీని, తయారు చేసినప్పుడు ఉద్దేశం చిన్నది. ఒక సైటు తన దగ్గరికి వచ్చినవాణ్ణి పేజీ మారినా గుర్తుపట్టాలి, బుట్టలో వేసిన వస్తువు మాయం కాకూడదు. ప్రకటనల కంపెనీలు ఆ సదుపాయాన్నే అందిపుచ్చుకుని ప్రతి సైటులోనూ తమ కుకీ పెట్టడం మొదలెట్టాయి. పెద్ద బజార్లో ప్రతి షాపు గుమ్మం పక్కనా ఒకే కంపెనీ మనిషి ఒకే పుస్తకం పట్టుకుని కూర్చున్నాడనుకోండి. మందుల షాపులో మీరు ఏం అడిగారో పూజా సామాన్ల షాపులోకి అడుగుపెట్టేసరికి వాడికి తెలిసే ఉంటుంది. థర్డ్ పార్టీ కుకీ చేసే పని అంతే.

దాని మీద ఇంకో అంతస్తు వేలం. మనం పేజీ తెరిచినప్పుడు ఖాళీగా ఉన్న ప్రకటన జాగాని సెకనులో చిన్న భాగంలో వేలం వేస్తారు. పాడుకునేవాళ్లకి మన ఫోను రకం, సుమారుగా ఏ ఊరు, ఏ పేజీ చదువుతున్నాం, మన ప్రకటనల ఐడీ లాంటివి పంపుతారు. పాట గెలిచేది ఒక్కడే. వివరాలు మాత్రం ఓడిపోయినవాళ్ల చేతికీ వెళ్తాయి. ఆరోగ్య సమస్యల్ని బట్టి మనుషుల్ని గురిపెట్టి ప్రకటనలు వేయకూడదని గూగుల్ తన నియమాల్లో రాసుకుంది, నిజమే. కానీ ఈ బజార్లో ఉన్నది గూగుల్ ఒక్కటే కాదు, చూర్ణాలు అమ్మేవాళ్లు ఆ నియమాలు చదువుకుని వ్యాపారంలోకి దిగరు.

అన్నట్టు, "మన ఫోను మన మాటలు వింటోంది" అని మా షాపులో రోజుకి ఒకరైనా అంటారు. ఇంతంతా చేతికి అప్పనంగా అందుతుంటే చెవి పెట్టి వినాల్సిన ఖర్మ వాళ్లకేమిటి?

ఈ థర్డ్ పార్టీ కుకీల్ని ఆపడం బ్రౌజర్లకి చేతకాని పనేం కాదు. ఆపిల్ సఫారీ 2020 మార్చిలోనే వాటిని పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ 2022 జూన్ నుంచి ఏ సైటు కుకీని ఆ సైటు గదిలోనే బంధించేస్తోంది. క్రోమ్ కూడా రెండేళ్లలో తీసేస్తానని 2020 జనవరిలో మాటిచ్చింది. తర్వాత వాయిదా, మళ్లీ వాయిదా. 2024 జూలైలో ఆ ఆలోచన మానుకున్నామంది, 2025 ఏప్రిల్‌లో కుకీలు ఉంచాలా వద్దా అని మనల్ని అడిగే బాక్సు కూడా పెట్టబోమంది. ప్రకటనల మీద బతికే కంపెనీ తయారు చేసిన బ్రౌజరు ప్రకటనల వాళ్ల పుస్తకం ఎందుకు లాక్కుంటుంది? మనవాళ్ల ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎక్కువగా క్రోమే ఉంటుందని మళ్లీ చెప్పక్కర్లేదు.

బయటివాళ్లు మన గురించి రాసుకోవడం, ఆ రాతని బట్టి మన తలరాత మారడం గంజాం వాళ్లకి కొత్త కాదు. 1931లో ఓడొన్నెల్ అధ్యక్షతన ఒరిస్సా సరిహద్దులు తేల్చే కమిటీ వేసినప్పుడు ఇక్కడ తగువంతా లెక్కల మీదే. ఏ తాలూకాలో తెలుగు వాళ్లెంతమంది, ఒడియా వాళ్లెంతమంది, జనాభా లెక్కల్లో మాతృభాష సరిగా రాశారా లేదా. వీధిలో ఒక భాష, వంటింట్లో ఇంకో భాష మాట్లాడే మనిషికి కూడా కాగితం మీద ఒక్కటే గడి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడి పాత గంజాం జిల్లా రెండు ముక్కలైంది. బరంపురం ఇటు, ఇచ్ఛాపురం, సోంపేట అటు మద్రాసులో. మా తాతల తరంలో అన్నదమ్ములు రెండు రాష్ట్రాల మనుషులైపోయారు. ఆ తీర్పు ఎవరికి నచ్చింది, ఎవరికి నచ్చలేదు అన్నది వేరే చర్చ, దానిలోకి నేను దిగను. నాకు ముఖ్యమైంది ఒకటే. ఆ లెక్క అచ్చయింది. తప్పు అనుకున్నవాళ్లు సభలు పెట్టారు, అర్జీలు రాశారు, ఫలానా ఊరి అంకె తప్పని వేలెట్టి చూపించారు. ఇప్పుడు జరుగుతున్న లెక్క ఎక్కడా అచ్చు కాదు. అర్జీ పెట్టుకుందామన్నా ఏ ఆఫీసుకి పెట్టాలి?

సరిహద్దులో ఉన్న మనకి ఇందులో ఇంకో చిక్కు ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడగా నేను చూడలేదు. కుకీలు తుడిచేసినా మన బ్రౌజరు మనల్ని పట్టిస్తుంది. స్క్రీన్ సైజు, టైమ్ జోన్, ఏ భాషలు ఏ వరసలో పెట్టుకున్నాం, ఏ ఫాంట్లు ఉన్నాయి, బొమ్మని ఎలా గీస్తుంది, ఇవన్నీ సైటు కనుక్కోగలదు. విడివిడిగా చూస్తే ఇవి ఎందుకూ కొరగావు. కలిపితే వేలిముద్ర. దీన్ని ఫింగర్‌ప్రింటింగ్ అంటారు. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనే అమెరికా డిజిటల్ హక్కుల సంస్థ 2010లో దీనిమీద పరీక్ష పెడితే, వచ్చిన బ్రౌజర్లలో 83.6 శాతం మరోదానితో కలవలేదు. పరీక్షకి వచ్చినవాళ్లు ఎక్కువగా ఇలాంటి విషయాలు పట్టించుకునేవాళ్లే, కాబట్టి ఆ అంకెని అందరికీ అతికించలేం. అదే సంస్థ ఇప్పుడు 'కవర్ యువర్ ట్రాక్స్' పేరుతో ఆ పరీక్ష నడుపుతోంది, ఎవరైనా తమ బ్రౌజరుని చూసుకోవచ్చు.

ఇక మా షాపు కంప్యూటర్ చూడండి. పెళ్లి కార్డులూ కరపత్రాలూ కొట్టాలి కాబట్టి తెలుగుకి అను ఫాంట్లు, ఒడియాకి ఆకృతి ఫాంట్లు రెండూ ఎక్కించాం. బ్రౌజర్లో మొదట తెలుగు, తర్వాత ఒడియా, తర్వాత ఇంగ్లీషు. హైదరాబాదులో అను ఉన్న కంప్యూటర్లు కోకొల్లలు, భువనేశ్వర్‌లో ఆకృతి ఉన్నవి కోకొల్లలు. రెండూ ఉన్నవి ఎన్నుంటాయి? బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం డీటీపీ షాపుల్లో కొన్ని. హైదరాబాదు మనిషి గుంపులో కలిసిపోతాడు. మనకి కలిసిపోడానికి గుంపే లేదు. రెండు భాషలు చదవడం రాయడం వచ్చినందుకు మనం అందరికంటే తేలిగ్గా దొరికిపోతాం.

దొరికిపోయాక రాసేది సరిగ్గా రాస్తారా అంటే అదీ లేదు. మా షాపు కంప్యూటర్లో కనిపించే ప్రకటనలు చూస్తే నవ్వొస్తుంది. ఎన్నో చేతులు పడే మెషీను కదా, దాని దృష్టిలో మేమంతా కలిసి ఒకే మనిషి: పోలీసు ఉద్యోగానికి చదువుతున్న, వృద్ధాప్య పెన్షనుకి పెట్టుకున్న, నెలలు నిండిన, ట్రాక్టరు కొనబోతున్న ఒక వింత జీవి. ఇక ఊరి సంగతి. మొబైల్ డేటాలో మన ఐపీ అడ్రసు, అంటే ఇంటర్నెట్‌లో మన ఫోను నంబరు, చాలాసార్లు మనమున్న ఊరు చూపించదు, ఫోను కంపెనీ గేట్‌వే, అంటే మన డేటా ఇంటర్నెట్‌లోకి వెళ్లే గుమ్మం, ఎక్కడుంటే ఆ ఊరు చూపిస్తుంది. అందుకే ఒక పూట కోల్‌కతా బిర్యానీ, ఒక పూట విశాఖ ఫ్లాట్లు. ఇవి నవ్వుకుని వదిలేసే తప్పులు. ఇలాంటి పుస్తకమే చూసి ఎవరైనా అప్పు ఇవ్వొచ్చా, పాలసీ ఇవ్వొచ్చా అని లెక్కలేస్తే మాత్రం నవ్వడం కష్టం.

సరే, చేసేదేమిటి? ముందు పనికిరానివి పక్కన పెడదాం. ఇన్‌కాగ్నిటో అంటే ఎవరికీ కనపడం అని మా షాపు కుర్రాళ్ల గట్టి నమ్మకం. అది మన ఫోన్లో హిస్టరీ మిగల్చదు, అంతే. అవతలి సైటుకీ, ఇంటర్నెట్ కంపెనీకీ మనం మామూలుగానే కనిపిస్తాం. ఈ విషయమ్మీదే అమెరికాలో గూగుల్ మీద 2020లో కేసు పడింది. 2024లో రాజీకి వచ్చి, ఇన్‌కాగ్నిటోలో పోగైన వందల కోట్ల రికార్డులు చెరిపేయడానికి గూగుల్ ఒప్పుకుంది. ఇంట్లో ఒకే ఫోను నలుగురు వాడేచోట మాత్రం ఇన్‌కాగ్నిటో అక్కరకొస్తుంది, వదిన లాంటి వాళ్లకి అదీ తక్కువేం కాదు.

యూట్యూబర్లు ఊదరగొట్టే వీపీఎన్, అంటే మన ఇంటర్నెట్‌ని వేరే కంపెనీ సర్వరు మీదుగా తిప్పి పంపే సదుపాయం, దాని మీద నాకు అంత గౌరవం లేదు. మీ ఐపీ మారుతుంది. కుకీలు, వేలిముద్ర, లాగిన్ అయిన అకౌంటు అన్నీ అలాగే ఉంటాయి. ఇంటర్నెట్ కంపెనీ మీద పెట్టుకున్న అనుమానం తీసుకెళ్లి ముక్కూ మొహం తెలియని వీపీఎన్ కంపెనీ మీద నమ్మకంగా పెట్టడం అది. వీపీఎన్ కంపెనీలు ఖాతాదారుల వివరాలు ఐదేళ్లు ఉంచాలని 2022లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశమిస్తే, ఎక్స్‌ప్రెస్, నార్డ్ లాంటివి భారత్‌లో సర్వర్లే ఎత్తేశాయి. ఉచిత వీపీఎన్ యాప్‌ల జోలికి అసలు పోవద్దు.

పనికొచ్చేవాటిలో ఒక్కటే చేస్తానంటే ఇది చేయండి: ఫోన్లో ఫైర్‌ఫాక్స్ వేసుకుని, అందులో యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజరుకి తగిలించే చిన్న ప్రోగ్రాం) పెట్టుకోండి. ప్రకటన వచ్చాక కప్పేయడం కాదు దాని పని. ట్రాకర్ల సర్వర్లకి మన ఫోను అసలు కబురే పెట్టకుండా ఆపుతుంది, కాబట్టి రాసుకోడానికి వాళ్లకి పెద్దగా ఏమీ అందదు. ఆరిజిన్ అన్న మాట చూసుకుని వేసుకోండి, దగ్గర దగ్గర పేర్లతో వేరేవి ఉన్నాయి. తయారు చేసింది రేమండ్ హిల్. విరాళాలు కూడా పుచ్చుకోడు. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లే పట్టవు. కంప్యూటర్ క్రోమ్‌లో కూడా కొత్త నియమాలు తెచ్చి 2024, 2025ల్లో యూబ్లాక్ ఆరిజిన్ని పనిచేయకుండా చేశారు, లైట్ అనే చిన్న రూపం మిగిలింది. ఐఫోన్ వాళ్లు సఫారీలో ఆ లైటే పెట్టుకోవాలి. వదిన ఫోన్లో ఇది వేసి అదే పంచాంగం సైటు తెరిస్తే వర్జ్యం కింద తెల్లటి ఖాళీ. పేజీ కూడా గబుక్కున తెరుచుకుంది, రోజువారీ డేటా ప్యాక్ మీద బతికే ఇంట్లో అదొక లాభం. అమ్మకి నచ్చింది అదే.

యాప్‌ల దగ్గర ఇది పనిచేయదు. అందుకని ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో గూగుల్ కింద యాడ్స్‌లోకి వెళ్లి అడ్వర్టైజింగ్ ఐడీని డిలీట్ చేయండి. వేలంలో మన నంబరు అదే. లొకేషన్ పర్మిషన్ మ్యాప్స్‌కి తప్ప ఎవరికీ ఎప్పుడూ ఇచ్చి ఉంచక్కర్లేదు. టార్చి లైటు యాప్‌కి మన ఊరు దేనికి? సెట్టింగ్స్‌లోనే ప్రైవేట్ డీఎన్‌ఎస్ (సైటు పేరు చెబితే దాని అడ్రసు వెతికిపెట్టే ఏర్పాటు) అనే చోట యాడ్‌గార్డ్ అనే ప్రకటనలు ఆపే కంపెనీ అడ్రసు ఇస్తే యాప్‌లలోని ట్రాకర్లు కూడా చాలావరకు ఆగుతాయి. మనం తెరిచే సైట్ల పేర్లు అప్పుడు యాడ్‌గార్డ్ వాళ్లకి తెలుస్తాయి, అది ఒప్పుకున్నాకే పెట్టుకోండి. వేలిముద్రకి అన్నిటికంటే గట్టి మందు టోర్ బ్రౌజరే. దాన్ని వాడేవాళ్లందరూ వీలైనంత ఒకేలా కనిపించేట్టు చేస్తుంది. కానీ నత్తనడక, తెలుగు సైట్లు రోజూ చదివేవాళ్లు దాంతో వేగలేరు. ఫైర్‌ఫాక్స్ ప్రైవేట్ విండోలో మనం ఎక్కించిన ఫాంట్లు సైట్లకి కనిపించవు, షాపులో నేను దాంతోనే సరిపెట్టుకుంటున్నాను.

మావయ్య దీనికీ ఒక ప్రశ్న వేశాడు, అది మంచి ప్రశ్న. "ప్రకటనలన్నీ ఆపేస్తే ఆ పంచాంగం సైటు వాడు ఏం తిని బతకాలి? నువ్వూ షాపు నడుపుతున్నావు కదే." నేను ప్రకటనలకి వ్యతిరేకిని కాను. మా షాపు పేరు వీధి చివర గోడ మీద రాయించాను. ఆ గోడ నా ప్రకటన చూపిస్తుందే గానీ దాని ముందు నుంచి ఎవరు వెళ్లారో నాకు రాసి పంపదు. పంచాంగం చదివేవాళ్లకి పూజా సామాన్ల ప్రకటన చూపించడానికి వాళ్ల జబ్బులు తెలియాలా? పేజీలో ఏముందో చూసి వేస్తే చాలదా? గూగుల్‌లాగే వెతికిపెట్టే డక్‌డక్‌గో అలాగే నడుస్తోంది, వెతికిన మాటకి తగ్గ ప్రకటన వేస్తుంది, వెతికిన మనిషిని వెంటాడదు. తెలుగులో వెతికితే గూగుల్ అంత బాగా దొరకవు, ఆ లోటు ఉంది. ఏ సైటైనా మనిషిని వెంటాడని ప్రకటనలు వేసుకుంటే అక్కడ బ్లాకర్ తీసేయడానికి నాకేం అభ్యంతరం లేదు. అంతవరకు ఆ సైటు వాడి మీద జాలితో వదిన వివరాలు పంచిపెట్టమంటే మాత్రం కుదరదు.

చట్టం ఏమంటోందని అడిగేవాళ్లకి: 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీల సుప్రీంకోర్టు బెంచి గోప్యత ప్రాథమిక హక్కని చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని నియమాలు వచ్చాయి. కంపెనీల మీద అసలు బాధ్యతలు అమల్లోకి రావడానికి పద్దెనిమిది నెలల గడువిచ్చారు, అంటే 2027 మే. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల్ని ట్రాక్ చేయకూడదని, వాళ్లని గురిపెట్టి ప్రకటనలు వేయకూడదని అందులో ఉంది, కొన్ని మినహాయింపులతో. తప్పుగా రాసుకున్నది దిద్దమని, చెరిపేయమని అడిగే హక్కు కూడా అందులో ఉంది. సర్కారుకి ఇచ్చుకున్న మినహాయింపులు నాకు నచ్చలేదు, అది మరో వ్యాసానికి సరిపడా గొడవ.

ఇందులో సరిహద్దు వాళ్లకి నేరుగా పనికొచ్చేది ఒకటుంది. డేటా ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసుని ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు కల్పించాలి. తెలుగూ ఒడియా రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. మనం ఏ రాష్ట్రంలో ఉన్నామన్నదానితో దానికి పని లేదు. అది అమల్లోకి వచ్చాక బరంపురంలో కూర్చుని తెలుగులో ఇమ్మని అడగొచ్చు, సోంపేటలో కూర్చుని ఒడియాలో ఇమ్మని అడగొచ్చు. కంపెనీలు ఆ తెలుగుని మిషన్ చేత అనువాదం చేయించి, ఎవరికీ అర్థం కాని నాలుగు పేజీల కింద 'అంగీకరిస్తున్నాను' అని లావుపాటి బటన్ పెడతాయని నా అనుమానం. ఆ నోటీసు వచ్చేదాకా వదిన ఫోన్లో, అమ్మ ఫోన్లో, షాపు కంప్యూటర్లో యూబ్లాక్ ఉంటుంది. వచ్చాక కూడా తీయను. మావయ్య ఫోన్లో వేస్తానంటే ఇంకా ఒప్పుకోలేదు. ఆయన క్రికెట్ స్కోరు చూసే సైటులో ఈ మధ్య మోకాలి నొప్పుల నూనె ప్రకటనలు ఎక్కువయ్యాయని మాత్రం మొన్న విసుక్కున్నాడు.